సైలెన్సర్ కోసిన చెయ్యి

నాకు కోపం ఎక్కువ. మా అమ్మ బతికున్నన్నాళ్లూ వీడికి కోపం ముక్కు మీద ఉండదు, మూతి నిండా ఉంటుందని నలుగురిలో అనేది. కరెంటు పోతే కోపం, కొలత తప్పితే కోపం, చాయ్ చల్లారితే కోపం. అవన్నీ వచ్చినట్టే పోయేవి. ఈ ఏడాది వచ్చిన కోపం మాత్రం పోలేదు. అది ఒక నారింజ రంగు కారు మీద మొదలైంది, ఎక్కడ ఆగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే ఎడమ పక్కన నీలం రేకుల షెడ్డు నాది. గేట్లు, గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తాను. ఫామ్‌హౌసులు పుట్టగొడుగుల్లా లేచాయి కాబట్టి గేట్లకు కొదవ లేదు. కానీ నాకు పేరు తెచ్చింది ఆర్గాన్ వెల్డింగ్. పలచని స్టీలును రంధ్రం పడకుండా, నల్లబడకుండా అతకడం. అది నేను చేవెళ్లలో పాల ట్యాంకులు చేసే ఒక షెడ్డులో నేర్చుకున్నాను. పాల ట్యాంకు లోపలి అతుకు వేలితో తడిమితే తెలియకూడదు. తెలిస్తే అక్కడ పాలు పట్టుకుని పులుస్తాయి. ఆరేళ్లు వేలితో తడిమి తడిమి నేర్చుకున్న పని అది.

శివరాత్రి పోయిన వారం ఆ కారు వచ్చింది. వచ్చింది అనడం కంటే పాకింది అనాలి. రెండే తలుపులు, రెండే సీట్లు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. పట్నంలో ఎవడో స్ప్రింగులు మార్చి దాన్ని ఇంకో రెండించులు కిందికి దించాడు. నా షెడ్డు ముందు మురుగు మోరీ మీద వేసిన బండ ఎక్కడానికి దాని మూతి తగులుతోంది. పక్క షెడ్ల వాళ్లం నలుగురం కలిసి సెంట్రింగ్ చెక్కలు పరిచి దాన్ని లోపలికి ఎక్కించాం.

"గంత పైసల్ బెట్టి కొన్నది మన మోరీ ఎక్కలేకపాయె" అన్నాడు పక్క షెడ్డు పెయింటరన్న.

కారు ఓనరుకు ముప్ఫై దాటి ఉండవు. కనకమామిడి అవతల వాళ్లకు ఫామ్‌హౌసు ఉంది. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం పోతాడు. నన్ను మొదటి మాటలోనే మాస్టర్ అన్నాడు. కారుకు అప్పటికే పేరంటం చాలా జరిగింది. కంపెనీ రంగు మీద ఈ నారింజ రంగు స్టిక్కరు అంటించారు, చక్రాలు మార్చారు, వెనక రెక్క పెట్టారు. కంపెనీ వాడు చేసిన ప్రతిదానికీ వంక పెట్టి, ఇక మిగిలింది గొంతు ఒక్కటే అని నా దగ్గరికి తెచ్చాడు.

"లోపల సింహం ఉన్నది మాస్టర్. మూతికి గుడ్డ కట్టిండ్రు. ఆ గుడ్డ తీయాలె, గంతే" అన్నాడు.

కింద పడుకుని లైటు వేసి చూశాను. రెండు పెద్ద సైలెన్సర్ డబ్బాలు, మధ్యలో ఒక చిన్నది, వాటిని కలుపుతూ పైపులు. ఆ అతుకులు చూస్తే నాకు ముచ్చటేసింది. ఏ దేశంలో ఎవరు వేశారో, మనిషి వేశాడో మిషను వేసిందో, ఒక్క చోట కూడా తొందరపడలేదు. ఎంత గట్టిగా అరవగల ఇంజనుకు ఎంత నెమ్మది నేర్పించాలో లెక్క చూసి చేసిన పని. దాన్ని చూసి, దండం పెట్టుకోవాల్సినంత మెచ్చుకుని, గ్రైండర్ పట్టుకుని కోసేశాను. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే నా చెయ్యి ఆగి ఉండాల్సింది. కానీ ఇరవై ఏళ్లుగా గేట్లు చేసి విసిగిన చెయ్యి అది.

ఐదు రోజులు ఇంకో పని ముట్టుకోలేదు. మూడించుల స్టీలు పైపును సొరకాయ ముక్కల్లా వాలుగా కోసి, ముక్కకు ముక్క అతికి వంపులు తిప్పాను. పైపు లోపల కూడా ఆర్గాన్ గ్యాసు నింపి అతికాను. అతుకు లోపలి పక్క కూడా పాల ట్యాంకులా నున్నగా రావాలని నాకు పంతం. ఎవడూ చూడడు. అయినా వేలు పెట్టి తడిమాను. ఏమీ తగల్లేదు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు షెడ్డు రేకులు అదిరాయి. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. నేను నవ్వాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఓనరు నా నూనె చెయ్యి పట్టుకుని ఊపుతూ, "మాస్టర్, మీరు ఆర్టిస్ట్" అన్నాడు. ఇన్నేళ్లలో నాకు ఆ మాట ఎవడూ అనలేదు. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను. ఎవడైనా నన్ను బూతులు తిట్టి పని చేయించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పడిపోయినవాణ్ణి ఊరుకున్నానా? "ఇంకా పెంచొచ్చా మాస్టర్?" అని అతను అడిగితే, మధ్యలో ఒక చిన్న డబ్బా వదిలిపెట్టాను, అది కూడా తీసేస్తే ఇంకా మోగుతుందని నేనే చెప్పాను. నేనే తీశాను. తర్వాత వారం పట్నం నుంచి ఒకతను ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి కారుకు వైరు తగిలించి ఏవో అంకెలు మార్చాడు. ఇక యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ మిగిలిన పెట్రోలు పైపులోనే మండి ఢాం ఢాం అని పేలడం మొదలైంది. తుపాకీ కాల్చినట్టు ఉంటుంది. అది కూడా నాకు నచ్చింది. పాత సైలెన్సర్ డబ్బాలు తీసుకుపొమ్మంటే, "స్క్రాప్‌ల వేసుకోండి మాస్టర్" అని వెళ్లిపోయాడు. స్క్రాప్‌లో వేయడానికి మనసొప్పక గోనెపట్టాలో చుట్టి మూలకు పెట్టాను.

మా అక్క ఇల్లు కనకమామిడిలో, ఫామ్‌హౌసుల వైపు పోయే రోడ్డు మలుపు దగ్గర. ఇంటి గోడకు ఆనుకుని కొట్టం, కొట్టానికి పది అడుగుల్లో రోడ్డు. నాలుగు బర్రెలు. బావ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసులో తోటమాలి, పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. బర్రెల పనంతా అక్కదే. నేను ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడికి పోతాను. గడ్డి మిషను బ్లేడ్లకు సాన పెడతాను, పాల క్యాన్ల పిడులు ఊడితే అతుకుతాను, అక్క చేసిన జొన్నరొట్టె తిని వస్తాను. నా పెళ్లికి ముందు నుంచీ అదే అలవాటు.

నాలుగింటిలో పెద్ద బర్రె ఒకటుంది. కొమ్ములు చెవుల వెనక్కి చుట్ట తిరిగి ఉంటాయి. మంచి పాడి, కానీ గర్వం. అక్క తప్ప ఎవరు కూర్చున్నా చేపదు. చేపడం అంటే పొదుగులోకి పాలు దించడం. బర్రెకు మనసైతేనే దించుతుంది, భయపడితే బిగబట్టుకుంటుంది. అక్క దాని పక్కన కూర్చుని, పొదుగు కడిగి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటుంది. బావ మీద చాడీలు, ఎండ సంగతి, కూరల ధరలు. బర్రె అవన్నీ విని పాలు దించేది. ఊళ్లో చాలామంది చేపడానికి సూది వేస్తారు. దొంగచాటుగా దొరుకుతుంది, వేసిన రెండు నిమిషాలకు పాలు దిగుతాయి. అక్కకు ఆ సూది అంటే అసహ్యం. "సూదేసి గుంజేది పాలు గాదు, దాని పాణం" అనేది. పాతికేళ్లలో ఒక్క బర్రెకూ వేయలేదు.

ఉగాది పోయాక ఒక ఆదివారం నేను పోయేసరికి అక్క మొహం మాడ్చుకుని ఉంది. పెద్ద బర్రె శనివారం సాయంత్రం చేపలేదట. ముందు వారం కూడా అంతేనట. "ఏదో కొత్త కారు తిరుగుతున్నది తమ్మీ. సరిగ్గ పాలు పిండే యాల్లకు వస్తది. బాంబుల్లెక్క పేలుతది" అంది. ఏ రంగు కారని నేను అడగలేదు. ఆదివారం తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉంటాయని ఆ కార్ల వాళ్లు అప్పుడే షికారుకు బయలుదేరతారు. అదే బర్రెల వేళ.

అక్క క్యాను పెట్టుకుని కూర్చుంది. బర్రె అప్పుడే దించింది. నేను గడ్డి మిషను దగ్గర బ్లేడు విప్పుతున్నాను. చిల్కూరు వైపు నుంచి శబ్దం వినిపించింది. ఇంకా కిలోమీటరు అవతల ఉంది, కానీ నాకు తెలిసిపోయింది. కన్నబిడ్డ ఏడుపు తల్లికి తెలిసినట్టే తెలిసింది. నాలుగో వంపు దగ్గర గాలి తిరిగే ఆ గరగర నేను చేసిందే. మలుపు దగ్గర కాలు తీశాడు. ఢాం ఢాం ఢాం. పెద్ద బర్రె ఎగిరింది. కాలు క్యానుకు తగిలి పాలన్నీ పేడలో పడ్డాయి. అక్క గోడకు ఒరిగిపోయింది. మిగతా మూడు బర్రెలు పలుపులు తెంచుకోడానికి గుంజుతున్నాయి.

అక్క లేచి, రోడ్డు వైపు తిరిగి, కొంగు విదిల్చి శాపం పెట్టింది. "ఆ కారుకు ఆ పైపు జేసినోడి చెయ్యి ఇరగ. వాని చెయ్యి పుచ్చిపోను. వాడు తినే బువ్వ నోట్లకు పోకుండ వాని చెయ్యి పడిపోను."

కారు నడిపినవాణ్ణి కాదు. పైపు చేసినవాణ్ణి. ఆమె బర్రెలతో బతికిన మనిషి, ఏ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు.

చెప్పి ఉండాల్సింది. నోరు తెరిస్తే అయిపోయేది. నాకేమొచ్చిందో తెలుసా? కోపం వచ్చింది. అక్క మీద. ఇంత మాట అంటుందా, ఒక్క క్యాను పాలకు మనిషి చెయ్యి పడిపోవాలా అని లోపల రగిలిపోయాను. ఆ కోపంతోనే బ్లేడు బిగించాను. ఆ కోపంతోనే రెండు రొట్టెలు తిన్నాను. ఆమె శపించిన చేత్తోనే తిన్నాను.

సోమవారం ఓనరుకు ఫోన్ చేశాను. కనకమామిడి మలుపు దగ్గర బర్రెలున్నాయి, అవి బెదురుతున్నాయట, అక్కడ నెమ్మదిగా పొమ్మని చెప్పాను. అవి మా అక్కవని చెప్పలేదు. చెప్తే అతను ఏ రోజైనా ఆమె ముందు కారు ఆపి, ఇది మీ తమ్ముడు చేసిన పనేనని మెచ్చుకుంటాడేమోనని భయం. అతను ఎంతో మర్యాదగా విన్నాడు. "అయ్యో, సారీ మాస్టర్. పక్కా స్లో చేస్తా. ఫ్రెండ్స్‌కు కూడా చెప్తా" అన్నాడు. ఫ్రెండ్స్ అనే మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. తర్వాత వారం నుంచి ఒక్క కారు కాదు, మూడు వచ్చాయి. దున్నపోతు మీద వాన కురిసినట్టు అయింది నా ఫోను. బర్రెకున్న సిగ్గు కూడా వాళ్లకు లేదు.

అక్క ఊరి పెద్దమనిషి దగ్గరికి పోయింది. ఆయన ఓట్లప్పుడు ఇంటింటికీ తిరిగి అక్కా చెల్లె అంటాడు. "వాళ్లతోని మనకు పనులుంటయమ్మా, జర ఓపిక పట్టు" అన్నాడట. ఎద్దు పుండు కాకికి నొప్పా అని అక్క నాతో అంది. బావను పోయి గట్టిగా అడగమంటే, ఆయన పని చేసే ఫామ్‌హౌసు కూడా అలాంటి వాళ్లదే, నోరు పెద్దది చేస్తే పని పోతుందని తల దించుకున్నాడు. నేను బావను తిట్టాను. మగతనం లేదన్నాను. ఎవడు అంటున్నాడో చూడండి.

మే వచ్చేసరికి సెలవులు. శని ఆదివారాలే కాదు, ఏ రోజైనా వస్తున్నారు. పెద్ద బర్రె ఇప్పుడు శబ్దం లేని రోజు కూడా చేపడం మానేసింది. శబ్దం వస్తుందేమోనని చెవులు నిక్కబొడుచుకుని నిలబడుతోంది. అక్క ఎన్ని చాడీలు చెప్పినా వినడం లేదు. పాలు పొదుగులోనే ఉండిపోయి రాయిలా గట్టిపడుతున్నాయి. చెయ్యి వేస్తే నొప్పికి తంతోంది. ఇంకా నాలుగు రోజులు అలాగే ఉంటే పొదుగు చెడిపోతుందని అక్క ఏడుపు గొంతుతో చెప్పింది. అప్పటికి అది ఆరు నెలల చూడి.

"అందరు సూదేసుకొమ్మంటున్నరు. ఇన్నేండ్లు ఎయ్యలే. ఎయ్యమంటవా తమ్మీ?" అని నన్ను అడిగింది.

మా ఇద్దరిలో ఎప్పుడూ ఆమె చెప్పేది, నేను వినేవాణ్ణి. ఆమె నన్ను సలహా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. నాకు అప్పుడు కావాల్సింది ఒకటే. ఆ బర్రె ఎలాగో పాలిస్తే అక్క శాపాలు ఆపుతుంది, నేను ఆదివారం వచ్చి ప్రశాంతంగా రొట్టె తినొచ్చు. అందుకని, "ఎయ్యక్కా, ఊరంత ఎయ్యట్లేదా, ఏమైతది?" అన్నాను. చూడి బర్రెకు వేయొచ్చో లేదో నాకు తెలియదు. తెలియదని కూడా అనలేదు.

జూన్‌లో మొదటి వానలు పడిన వారం, ఏడో నెలలో, బర్రె ఈచుకుపోయింది. దూడ చచ్చి పడింది. నేను పోయేసరికి పశువుల డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. బర్రె బతికింది, కానీ నిలబడలేక గోడకు ఆనుకుని ఉంది. దూడ మీద గోనెపట్టా కప్పారు. చిన్న చిన్న గిట్టలు బయటికి కనబడుతున్నాయి, ఇంకా మెత్తగా, పసుపు పచ్చగా. నేల మీద ఒక్కసారి కూడా మోపని గిట్టలు.

డాక్టరు అడిగాడు, అక్క చెప్పింది. సూది ఎన్ని రోజులు, ఎంత. ఆయన తల పట్టుకున్నాడు. "చూడి బర్రెకు ఎవరన్న ఆ సూదేస్తరామ్మా? బెదిరి జారిపడ్డా గిట్ల అయితది గని, సూది మంచిది కాదు. మీరే చంపుకున్నరు" అన్నాడు.

అక్క ఏడవలేదు. కొంగుతో కుడి చెయ్యి తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. దూడను ఇంటి వెనక బావా నేనూ పూడ్చాం. ఆ రోజు నుంచి అక్క కారును తిట్టడం మానేసింది. పైపు చేసినవాణ్ణి తిట్టడం మానేసింది. నేను కోరుకున్న ప్రశాంతత నాకు దొరికింది. ఆదివారం పోతే రొట్టె పెట్టేది, "నా చేతుల్తోనే జేసుకున్న తమ్మీ" అని ఒకే మాట అనేది. ఆ మాట వింటూ నేను మూడు ఆదివారాలు తిన్నాను. అంత నీచంగా ఎప్పుడూ బతకలేదు.

జులైలో ఆ కారు మళ్లీ నా మోరీ బండ ముందు ఆగింది. పైపు చివర మూతులు ఇంకా వెడల్పువి పెట్టాలట. ఓనరు తన వెంట వచ్చిన ఫ్రెండు కారు ఎక్కి వెళ్లిపోతూ, సాయంత్రం వస్తానన్నాడు. చెక్కలు పరిచాం, కారు ఎక్కింది. నేను కాసేపు దాని ముందు కూర్చున్నాను. తర్వాత మూలకున్న గోనెపట్టా విప్పాను. డబ్బాలు అలాగే ఉన్నాయి. నేను చేసిన పైపును గ్రైండర్‌తో కోశాను. ఆరేళ్లు నేర్చుకున్న పనిని, ఐదు రోజులు కష్టపడి తిప్పిన వంపులను ముక్కలు చేశాను. పాత డబ్బాలు ఎక్కడివక్కడ పెట్టి, ఆ తెలియని వాడి అతుకుకు సిగ్గు రాకుండా అతికాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని నాకు తెలుసు. అయినా పట్టుకున్నాను.

సాయంత్రం అతను స్టార్ట్ చేసి, ఆపి, మళ్లీ స్టార్ట్ చేశాడు. కిందికి వంగి చూశాడు. "ఇదేంది మాస్టర్?"

"కంపెనీ గొంతు సార్. మీ కారుదే."

"నా కారు ముట్టుకునే ముందు నన్ను అడగాలె కదా?"

"మీరడిగితే పాడు జేసినోన్ని, అడగకుండనే బాగు జేసిన" అన్నాను. అప్పుడు చెప్పాను. మలుపు దగ్గర ఇల్లు మా అక్కదని, బర్రె సంగతి, దూడ సంగతి. గొంతు ఎంత పెరిగిందంటే పెయింటరన్న పరిగెత్తుకొచ్చాడు.

అతను చివరిదాకా విన్నాడు. అతని మొహంలో నిజంగానే బాధ కనబడింది. నన్ను ఇంకా మండించింది అదే. జేబులో చెయ్యి పెట్టి, "ముందే చెప్తే అయిపోవు కదా మాస్టర్. ఆ బర్రెకు ఎంతైతదో చెప్పండి, ఇప్పుడే ఇచ్చేస్తా" అన్నాడు.

ముందే చెప్తే. జవాబు లేనప్పుడు నేను అరుస్తాను. షెడ్డులోంచి పొమ్మని అరిచాను. అతను పోయాడు. పది రోజుల్లో ఆ కారు మళ్లీ పేలుతూ వచ్చింది. పట్నంలో ఎవడో చేసి ఇచ్చాడు. పనితనం అంత బాగాలేదు, అతుకు దగ్గర గాలి పోతోంది. దాని వల్ల ఇంకా గట్టిగా మోగుతోంది.

రాఖీ పున్నమికి అక్క మా ఇంటికి వస్తుంది. ప్రతి ఏడూ పెద్ద బర్రె పాలతో కోవా చేసి తెస్తుంది. ఈసారి చిన్న పొట్లంలో చక్కెర తెచ్చింది. పీట వేసి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, రాఖీ చేతిలోకి తీసుకుని, చెయ్యి చాపమంది. నేను కుడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఏందిరా?"

"ఆ పైపు జేసింది నేనే అక్కా."

ఆమెకు మొదట అర్థం కాలేదు. నేను మొత్తం చెప్పాను. కారు వచ్చిన రోజు, నవ్విన నవ్వు, చిన్న డబ్బా నేనే తీసింది. ఆమె శపించినప్పుడు నేను గడ్డి మిషను దగ్గరే ఉన్నది. సూది వేయమన్నది ఎందుకో కూడా చెప్పాను. నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది.

అక్క రాఖీని ఒళ్లో పెట్టుకుంది. "పైపు జేసినవ్. అది నీ పని. తెల్వక జేసినవ్" అంది. తర్వాత గొంతు మారింది. "రెండు నెలలాయె నాకు నా చెయ్యి జూస్తేనే అసహ్యమైతున్నది. ఆ చేత్తోని బువ్వ తినబుద్ధి గాలే. రాత్రి పండుకుంటే అదే చెయ్యి. నీకు తెల్సు. తెల్సుకుంట నా ముంగట కూసోని, గా చేత్తోని జేసిన రొట్టె తిన్నవ్. ఎట్ల తిన్నవ్ తమ్మీ?"

ఇది ఎంత నీచమో నాకు ముందే తెలుసు, కానీ ఆమె నోట వింటే వేరే.

"ఎడమ చెయ్యి పట్టు" అంది.

ఎడమ చేతికి రాఖీ ఎవరూ కట్టరు. నా భార్య, "అదేంది వదినా" అని ముందుకొచ్చింది. అక్క ఆమె వైపు చూడలేదు. "కుడి చెయ్యిని తిట్టిన. ఆ తిట్టు ఇంక వాపస్ తీసుకోలే. తిట్టిన చెయ్యికి ఎట్ల కడుత?" అని, నా ఎడమ చేతికి మూడు ముళ్లు వేసి కట్టింది. చక్కెర నా నోట్లో పోసింది. చెప్పులేసుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ శనివారం సాయంత్రం నేను షెడ్డు తొందరగా మూసి కనకమామిడి పోయాను. అక్క ఇంట్లోకి పోలేదు. మలుపు దగ్గర, రోడ్డు నడిమధ్య నిలబడ్డాను. శబ్దం వచ్చింది. నేను కుడి చెయ్యి ఎత్తి పట్టుకున్నాను. నారింజ రంగు కారు నా మోకాళ్లకు రెండడుగుల దూరంలో ఆగింది. అద్దం దిగింది. "ఏంది మాస్టర్ ఇది?" అన్నాడు. పాలు పిండే వేళ, ఇంజను ఆపమన్నాను. ఆపకపోతే ఇక్కడే నిలబడతానన్నాను. వెనక రెండు కార్లు హారన్లు కొట్టాయి. చివరికి ఆపారు. వాళ్లు తిట్టుకుంటూ కూర్చున్నంతసేపూ కొట్టంలోంచి క్యానులో పాలధార పడుతున్న చప్పుడు నాకు వినబడింది. మిగతా మూడు బర్రెలవి. ఆ చప్పుడు ఆగాక పక్కకు జరిగాను. మలుపు దాటేదాకా నెమ్మదిగా పోయారు.

అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం, ఆదివారం తెల్లవారుజామున అదే నా పని. కొందరు ఆగుతారు, కొందరు పక్కనుంచి దూసుకుపోతారు. ఒకడు అద్దంతో నా మోచెయ్యి గీరిపోయాడు. వాళ్ల మీద నాకు కోపం తగ్గలేదు, తగ్గదు. నా మీద తగ్గితే అప్పుడు చూద్దాం.

అక్క నన్ను లోపలికి రమ్మని ఇంతవరకూ పిలవలేదు. కొట్టంలో బర్రెకు ఏవో చాడీలు చెప్తుంటే సగం సగం వినబడుతుంది. పోయిన ఆదివారం గోడ మీదుగా వినబడింది. "మా తమ్ముడు నిలబడ్డడు, చూస్తున్నవా? జర దించు తల్లీ." పెద్ద బర్రె ఇంకా ఒట్టిపోయే ఉంది, దించడానికి దాని దగ్గర ఏమీ లేదు. అయినా అక్క రెండు పూటలా దాని పక్కన కూర్చుంటుందట.

రాఖీ దారం పాతబడింది. వెల్డింగ్ రవ్వలు పడి రెండు చోట్ల కాలింది కూడా. ఎడమ చేతికే ఉంది.